మా హోటల్‌ను వరద ముంచలేదు

చిన్నోడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఎప్పుడూ మోకాళ్ల నొప్పితో మొదలుపెట్టే మనిషి, నిన్న మాత్రం ఎత్తీ ఎత్తగానే "అక్కా, మావాడు బెంగళూరు ఉద్యోగం వదిలేసి కర్నూల్లో హోటల్ పెడతాడంట" అంది. ఆ గొంతులో ఉన్నది సంతోషమో భయమో నాకు అంతుపట్టలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మంచం మీద అట్లే కూర్చున్నా. మా తర్వాత మన ఇంట్లో ఇంకెవరూ గల్లాపెట్టె ముందు కూర్చోరనుకున్నా. నవ్వు వచ్చింది, కడుపులో దేవినట్టూ అయింది.

ఫోన్లో చెబితే నువ్వు "ఊ పెద్దమ్మా, ఊ పెద్దమ్మా" అంటూ ఇంకో పని చూసుకుంటావు. అందుకే రాస్తున్నా. కుదురుగా కూర్చుని చదువు.

మామూలు సంగతులు ముందు. ఫుడ్ లైసెన్స్, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్, జీఎస్టీ ఆడిటర్‌కు అప్పజెప్పు. 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడు, ఇంటి సిలిండర్ వంటగది గడప తొక్కనివ్వకు. 11 నెలల అగ్రిమెంటును నమ్ముకుని టైల్స్ వేయించొద్దు, ఐదేళ్లకు రాయించుకుని రిజిస్టర్ చేయించు. మాస్టర్‌కు అడ్వాన్స్ ఇచ్చేముందు అతని చేతి సాంబారు మూడు రోజులు తిను. ఉద్దెర పుస్తకం అసలు కొనొద్దు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు.

నాకు నిద్ర పట్టనిది వేరే మాటకు. "వెంకటరమణ కాలనీలో షాపు చూశానమ్మా, 2009లో కూడా అక్కడికి నీళ్లు రాలేదని ఓనర్ చెప్పాడు, పెద్దమ్మ వాళ్లకు అయినట్టు మనకు కాదు" అన్నావంట.

రేయ్, మా హోటల్‌ను వరద ముంచలేదు. ఈ మాట పదిహేనేళ్లు దాటినా ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నా.

మేం 1988లో పెద్దాసుపత్రి ఎదురు సందులో మొదలుపెట్టాం. రేకుల షెడ్డు, నాలుగు బెంచీలు, రెండు స్టవ్వులు. అక్కడికి వచ్చేది తిండి కోసం బయల్దేరిన జనం కాదు. ఆదోని, ఆలూరు, ఆత్మకూరు నుంచి, తుంగభద్ర అవతల అలంపూర్, గద్వాల నుంచి, ఆ పక్క రాయచూరు, బళ్లారి నుంచి రోగులను తెచ్చుకున్నవాళ్లు. వాళ్లకు రుచి తర్వాత సంగతి. తెల్లారి నాలుగున్నరకు తెరిచి ఉండాలి. ఫ్లాస్కులో వేడినీళ్లు పొయ్యాలి. రోగికి కారం లేని ఇడ్లీ, జావ కట్టివ్వాలి. సగం ప్లేటు అన్నం అడిగితే మొహం మాడ్చుకోకూడదు. చేతులు కాళ్లు కడుక్కునే కుళాయి ఉండాలి. ఇంతే. ఈ ఐదూ ఎవరూ మాకు నేర్పలేదు, వాళ్లు అడిగేకొద్దీ పెట్టుకుంటూ పోయాం. మీ పెద్దనాయనకు మొహం చూస్తే తెలిసిపోయేది, ఎవరు డిశ్చార్జి అయి పోతున్నారో, ఎవరు శవాన్ని తీసుకుపోయే బండి కోసం చూస్తున్నారో. రెండో రకం వాళ్ల దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదు. నేను అప్పుడప్పుడు గొణిగేదాన్ని కూడా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

పంతొమ్మిదేళ్లు ఆ షెడ్డు మమ్మల్ని సాకింది. మీ అన్న ఇంజినీరింగ్ దాని మీదే. అయినా మాకు నామోషీ పట్టుకుంది. బంధువులు పెళ్లిళ్లలో "ఆసుపత్రి హోటల్ వాళ్లు" అనేవాళ్లు. పెద్దనాయనకు ఏసీ హాలు, గాజు తలుపు, యూనిఫాం వేసుకున్న సర్వర్లు కావాలనిపించింది. నాకు మాత్రం అనిపించలేదా? నాకే ముందు అనిపించింది.

2007 శ్రావణ మాసం. ఒక శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు పాత బస్టాండు అవతల ఒక బిల్డింగ్ చూడ్డానికి పోయాం. పెళ్లిళ్ల సీజన్. బట్టల షాపుల ముందు, బంగారం షాపుల ముందు కాలు పెట్టే సందు లేదు. పెద్దనాయన మెట్ల మీద నిలబడి "ఇందులో నూటికి ఇద్దరు పైకెక్కినా చాలు" అన్నాడు. నేను తలూపాను. అడ్వాన్స్ ఆ సాయంత్రమే ఇచ్చేశాం. మళ్లీ ఇంకో రోజు, ఇంకో గంటకు పోయి చూడలేదు. ఆ ఒక్క గంట చూసి ఇరవై ఏళ్ల కష్టం పోశాం.

దసరాకు తెరిచాం. మొదటి నెల బంధువులు, తెలిసినవాళ్లు వచ్చి బాగుందన్నారు. తర్వాత మొదలైంది. కింద తిరిగే జనం పల్లెల నుంచి చీరలు కొనడానికి వచ్చినవాళ్లు. చేతుల నిండా సంచులు, చంకలో పిల్లలు, సాయంత్రం బస్సు అందుకోవాలన్న తొందర. వాళ్లకు కావలసింది నిలబడి తినే మిర్చి బజ్జీ, ఒక టీ. మెట్లెక్కి, చల్లని గదిలో కూర్చుని, మెనూ కార్డు తిప్పే తీరిక వాళ్లకెక్కడిది? ఆ ఖర్చు పెట్టగలిగిన కుటుంబాలు ఉండేది సి క్యాంప్ వైపు, కాలనీల్లో. వాళ్లు కారు పెట్టుకునే చోటు లేని ఆ ఇరుకులోకి రాత్రి భోజనానికి రారు. అక్కడే ఉండి రాత్రి తినేవాళ్లూ ఉన్నారు, లేరని కాదు. రంజాన్ నెలలో ఆ వీధులు అర్ధరాత్రి దాకా మేలుకునే ఉంటాయి. కానీ వాళ్లకు బిర్యానీ కావాలి. మాది శాకాహారం, పన్నీరు బటర్ మసాలా.

ఇంకొకటి. హాలు పైన, వంటగది కింద వెనకాల. దోసె పైకెక్కేసరికి మెత్తబడేది. పెద్దనాయన మాస్టర్‌ను తిట్టేవాడు. మాస్టర్లు ముగ్గురు మారారు. మెట్లు మాత్రం మారలేదు.

అన్నిటికంటే పెద్ద తప్పు, పాత షెడ్డు మూసేయడం. మన చేతి రుచి తెలిసినవాళ్లు వెతుక్కుంటూ వస్తారనుకున్నాం. వార్డులో మొగుణ్ణి పడుకోబెట్టుకున్న ఆడమనిషి ఇడ్లీ కోసం ఊరు దాటి వస్తుందా? ఆ షెడ్డు పక్కన టీ బండి పెట్టుకున్న అబ్బాయే తీసుకున్నాడు. నాలుగున్నరకు తెరిచాడు, వేడినీళ్లు పోశాడు. ఇవాళ్టికీ నడుపుతున్నాడు. అతని సాంబారు నీళ్లలా ఉంటుంది, అయినా నడుస్తోంది.

2008 వేసవికి జీతాలు అప్పు తెచ్చి ఇస్తున్నాం. 2009 దసరాకు ముందే ఖాళీ చేస్తామని ఓనర్‌కు చెప్పేశాం. మంచి రోజు చూసి సామాను తీద్దామని ఆగాం. అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు, తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే ఊళ్లోకి వచ్చాయి. కింద వంటగదిలో గ్రైండర్లు, ఫ్రిజ్‌లు, పాత్రలు అన్నీ బురదలో కూరుకుపోయాయి. ఊరు ఊరే ఏడ్చింది. ఆ ఏడుపులో మా ఏడుపూ కలిసిపోయింది. "పాపం, నడుస్తున్న హోటల్, వరదకు పోయింది" అన్నారు జనం. పెద్దనాయన కాదనలేదు. నేనూ అనలేదు. చిన్నోడా, వరద మా సామాను తీసుకుపోయి మా పరువు నిలబెట్టింది. పెద్దనాయన చచ్చేదాకా అదే కథ చెప్పాడు, చివరికి తనే నమ్మాడనుకుంటా.

అందుకే నువ్వు నీళ్లు వస్తాయా అని అడుగుతుంటే నాకు భయమేసింది. మనుషులు వస్తారా అని అడుగు. ఎవరు, ఎన్ని గంటలకు, రోడ్డుకు ఏ పక్క, చేతిలో ఎంత టైమ్‌తో.

ఊరంతా ఒకటే అనుకోకు. సి క్యాంప్ కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్లలో, 1953 తర్వాత, ఉద్యోగుల కోసం వెలిసింది. ఇప్పటికీ అక్కడ రిటైరైనవాళ్లు పొద్దున రైతు బజార్‌కు సంచితో వస్తారు, ఏడు నుంచి తొమ్మిది దాకా టిఫిన్ నడుస్తుంది, మధ్యాహ్నం ఈగలు తోలుకోవాలి. మార్కెట్ యార్డు దగ్గర హమాలీలకు పదింటికే కడుపు నిండా రొట్టె, పప్పు కావాలి. ఉల్లి ధర పడిపోయిన రోజు అక్కడ రైతు టీతోనే సరిపెట్టుకుంటాడు, నీ వంట మిగులుతుంది. హైవే ఇంకో లోకం. హైదరాబాద్ నుంచి ఇక్కడికి 210 కిలోమీటర్ల పైచిలుకు. ఆరింటికి బయల్దేరినవాళ్లు మనకు తొమ్మిదిన్నరకు తగులుతారు, అంటే టిఫిన్. బెంగళూరు నుంచి దాదాపు 360, పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి, అంటే భోజనం. నడుమ డివైడర్. టిఫిన్ సెంటర్‌ను బెంగళూరు నుంచి వచ్చేవాళ్ల పక్కన పెడితే ఎంత బాగా వండినా ఎదురు పక్క కార్లు చూసి పోతాయి. అక్కడ రుచి కంటే బాత్రూం శుభ్రంగా ఉండటం ముఖ్యం, నవ్వకు, నిజం.

ఇక నీ వెంకటరమణ కాలనీ. వరసగా హోటళ్లున్నాయని భయపడొద్దు. ఎంబీఏ చదివే నా మనవరాలు చెప్పింది, హోటెలింగ్ అనే అమెరికా ఆయన 1929లోనే రాశాడంట, ఒకే వీధిలో ఇద్దరు అమ్మేవాళ్లుంటే ఇద్దరూ జరిగి జరిగి నడిమధ్యకే చేరతారని. ఇంటిపేరే హోటెలింగ్ అంటే నేను నమ్మలేదు, కాగితం మీద రాసి చూపించింది. తినే వీధి అని పేరు పడితే జనం వీధికే వస్తారు, వచ్చాక ఎక్కడ తినాలో చూస్తారు. నీకు ఇబ్బందల్లా పక్కవాడు పెట్టేదే నువ్వూ పెడితే. అదే పిల్ల ఇంకోటి చెప్పింది. పదింట తొమ్మిది హోటళ్లు ఏడాదిలో మూతపడతాయని అంటారు కదా, అది ఉత్త మాటంట. అమెరికాలో కొలంబస్ అనే ఊళ్లో లెక్క తీస్తే మొదటి ఏడాది పోయింది నాలుగో వంతు, మూడేళ్లకు నూటికి అరవై. మాది రెండేళ్లు కూడా నిండలేదు.

"రాయలసీమ రుచులు" అని పేరు అనుకున్నావంట. బెంగళూరులో ఉన్నావు కాబట్టి ఉగ్గాని బజ్జీ తలచుకుంటే నీకు నోరూరుతుంది. ఉగ్గాని చేసుకునే బొరుగులు ఇక్కడ ప్రతి ఇంట్లో ఉన్నాయి. ఏసీలో కూర్చుని ఉగ్గానికి నూట ఇరవై ఇచ్చే కర్నూలు మనిషిని నాకు చూపించు. జొన్న రొట్టె సంగతి వేరు. ఇళ్లలో రొట్టె తట్టడం వచ్చినవాళ్లు తగ్గిపోయారు, సాయంత్రం రొట్టె కొనుక్కుపోయేవాళ్లు పెరిగారు. ఇంట్లో చేసుకోలేనిది అమ్ము.

అద్దె 90 వేలు అన్నావు. అద్దె అమ్మకంలో పదో వంతు దాటకూడదని మా కాలం నుంచి లెక్క. రోజుకు మూడు వేల అద్దె, అంటే రోజుకు 30 వేల అమ్మకం. మనిషికి 150 అనుకుంటే 200 మంది. వర్షం పడిన రోజూ, కార్తీకంలో మాల వేసుకుని సగం ఊరు మాంసం మానేసిన రోజూ. ఆప్‌ల మీద వచ్చే ఆర్డర్లు ఇందులో కలపొద్దు, కమీషన్ పోయాక అది వేరే లెక్క. ఆ 200 మంది మొహాలు నీకు కనబడుతున్నాయా?

నేను నిన్ను వద్దనడం లేదు. తిట్టినట్టు ఉంటే ఉండనీ. చిన్నప్పుడు మా షెడ్డులో బెంచీ మీద నిద్రపోయి, లేచి, సర్వర్ కంటే ముందు నీళ్ల గ్లాసులు పెట్టేవాడివి. ఎవరి ముందు ఎన్ని పెట్టాలో ఆరేళ్లకే తెలిసేది నీకు. అది నేర్పితే వచ్చేది కాదు.

కానీ మీ అమ్మ చివర్లో ఒక మాట అంది, "నా గాజులు ఇస్తానన్నానక్కా" అని. నీకు తెలుసో లేదో, 2007లో మాకూ అదే గాజులు తీసి ఇచ్చింది, అడక్కుండానే. అవి ఆ మెట్ల మీదే పోయాయి. తిరిగి చేయించి దాని చేతికి తొడగడానికి నాకు ఆరేళ్లు పట్టింది, టైలరింగ్ చేసి, చీటీ కట్టి. ఇప్పుడు అది వేసుకున్నవి అవే. వాటి జోలికి మాత్రం పోకు. నీ దాచిన డబ్బు ఎంత ఉంటే అంత హోటల్ పెట్టు, నాలుగు టేబుళ్లే రానీ.

శుక్రవారం రాత్రి బస్సెక్కు. శనివారం, ఆదివారం, మళ్లీ ఒక మంగళవారం ఆ షాపు ఎదురుగా కూర్చుందాం, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా. ఎవరు నడిచిపోతున్నారో, ఎవరు బండి ఆపుతున్నారో గంట గంటకూ గీతలు గీద్దాం. నోట్‌బుక్ నువ్వు తే, ఫ్లాస్కులో కాఫీ నేను తెస్తా. పెద్దనాయన లెక్కల పుస్తకం బీరువాలోంచి తీసి పెడతా, 2009 వేసవి పేజీలు చూడు. చూసి నాకే ఇచ్చెయ్. వరద సంగతి మీ అమ్మకు నేనే చెబుతా.

మీ పెద్దమ్మ