సంఘంలో సభ్యుడైతే షెడ్డు గట్టిదేనా?

ప్రశ్న: 12 హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) ఆవులకు రేకుల షెడ్డు వేయాలనుకుంటున్నాను. బెంగళూరు నుంచి వచ్చిన కాంట్రాక్టరు తాను షెడ్లు కట్టేవాళ్ల సంఘంలో సభ్యుడినని, డ్రాయింగు అక్కర్లేదని అంటున్నాడు. ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి కూడా అక్కడ ఇలాంటి సంఘం ఉందన్నాడు. నమ్మి పని అప్పగించవచ్చా?
– ఒక రైతు, హొసకోటె తాలూకా

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. బ్రిటన్‌లో రూరల్ అండ్ ఇండస్ట్రియల్ డిజైన్ అండ్ బిల్డింగ్ అసోసియేషన్ ఉంది. రిడ్బా అంటారు. పొలాల్లో షెడ్లు కట్టే కాంట్రాక్టర్లు తమ వ్యాపారం బాగు కోసం పెట్టుకున్న సంఘం అది. మంచిదే, కానీ అక్కడ కూడా షెడ్డు బలం తేల్చేది సభ్యత్వం కాదు. వ్యవసాయ కట్టడాలకు బీఎస్ 5502 అని విడిగా ప్రమాణం ఉంది. ఉక్కు ఫ్రేములకు 2014 జూలైలో సీఈ గుర్తు, అంటే యూరప్ ప్రమాణాలకు తగినట్టు ఉందని తెలిపే ముద్ర, తప్పనిసరి చేశారు.

మనకు ఐఎస్ 875 మూడో భాగం ఉంది. కట్టడాల మీద పడే గాలి బలాన్ని లెక్కకట్టే భారత ప్రమాణం అది. దాని ప్రకారం బెంగళూరుకు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 33 మీటర్లు, అంటే గంటకు దాదాపు 119 కిలోమీటర్లు. అదే చెన్నైకి 50 మీటర్లు. మీ కాంట్రాక్టరును ఒక్కటే అడగండి: "ఏ గాలికి లెక్క కట్టావు బాబూ?" నీళ్లు నమిలాడంటే డ్రాయింగు ఇచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. పక్కలు తెరిచిన షెడ్డులో గాలి లోపలికి దూరి రేకును కింది నుంచి ఎత్తేస్తుంది. అంచుల్లో, కొప్పు దగ్గర ఆ లాగుడు ఎక్కువ. అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించండి. స్తంభాల పునాది కూడా పైకి లాగే బలానికి ఆగాలి.

ఇక నేను ఎక్కువ చూసే జబ్బు స్తంభం పాదానిది. ఒక కొట్టంలో రంగు నిగనిగలాడుతున్న ఇనుప స్తంభాన్ని నేల దగ్గర స్క్రూడ్రైవరుతో పొడిచాను, బిస్కెట్టులా లోపలికి దిగింది. మూత్రం, పేడ నిలిచి లోపల్లోపల తినేశాయి. బేస్ ప్లేటును (స్తంభం అడుగున ఉండే ఇనుప పలకను) నేల మీద కాకుండా అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మె మీద పెట్టించండి.

కొలతల విషయానికొస్తే, ఆవుకు నీడలో 3.5 చదరపు మీటర్లు, ఆరుబయట 7 కావాలి. మీ 12 ఆవులకు నీడ 42, దొడ్డి 84 చదరపు మీటర్లు. గాడి తలా 60–75 సెంటీమీటర్లు. నేల కాలువ వైపు 10 అడుగులకు 3 అంగుళాలు వాలితే చాలు, నున్నగా మాత్రం రుద్దించకండి, ఆవులు జారతాయి. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి.

మీ అబ్బాయి అక్కడి ఫొటోలు పంపితే చూసి ఆనందించండి గానీ అలాగే కట్టించకండి. వాళ్లది మంచు బరువుకు, చలిగాలికి కట్టిన కప్పు. మన హెచ్‌ఎఫ్‌కు బాధ వేడితో. పక్క గోడలు తెరిచే ఉంచండి.

పాత ఆస్‌బెస్టాస్ రేకులు విప్పాల్సి ఉంటే వాటి మీద ఎవరినీ నడవనివ్వకండి, ఉన్నట్టుండి విరుగుతాయి.