కాక్‌టీల్‌కు కొబ్బరినూనె: నేను పెట్టి చూశాను

మీ కాక్‌టీల్ (తలమీద కుచ్చు ఉండే చిన్న పెంపుడు చిలుక) ఈకలు కళ తప్పాయి, పంజరం చుట్టూ తెల్లపొడి రాలుతోంది, గింజల్లో కొబ్బరినూనె కలిపితే తగ్గుతుందంటున్నారు, రోజుకు ఎంత కలపాలి అని అడిగారు. ఇదే పని నేనూ చేసి దెబ్బతిన్నాను. గింజల్లో మాత్రం కలపకండి.

ముందు ఆ తెల్లపొడి సంగతి. అది జబ్బు కాదు. కాక్‌టీల్ ఒంటిమీద కొన్ని నూగు ఈకలుంటాయి, వాటి కొసలు మెత్తటి పొడిగా రాలుతూనే ఉంటాయి. ఆ పొడినే అది ముక్కుతో ఒళ్లంతా పులుముకుంటుంది. ఇది తెలియక, చర్మం ఎండిపోయిందని తెగ టెన్షన్ పడి, గిన్నెడు గింజల్లో చెంచాడు నూనె పోసి కలిపేశాను.

ఇష్టంగానే తిన్నది. నాలుగో రోజు ట్రే తీసి చూస్తే అడుగున పొట్టంతా నిగనిగలాడుతోంది! పిట్ట గింజను అలాగే మింగదు కదా, ముక్కులో తిప్పి పొట్టు ఒలిచి లోపలి పప్పే తింటుంది. నూనె పొట్టుతో పాటే కిందికి పోయింది. (గింజల మీద చల్లే విటమిన్ పొడుల గతీ ఇంతే.) మిగిలిన కాస్తా ముక్కుకు అంటింది. ఆ ముక్కుతోనే ఈకలు సవరించుకుంది. గొంతు కింద ఈకలు తడిసినట్టు పాయలు పాయలుగా అతుక్కుపోయాయి. జిడ్డు పట్టిన ఈక ఒంటి వేడిని ఆపలేదు, అందుకే పట్టపగలు కూడా ఒళ్లు ఉబ్బించుకుని మూల కూర్చునేది.

పక్షుల డాక్టరుకు చూపిస్తే, నూనె మాట ఎత్తకముందే ఏం తింటుందని అడిగారు. గింజలే, అందులో సగం పొద్దుతిరుగుడువి అన్నాను. "ఆ పప్పులో సగం కొవ్వే, దాని మీద మళ్లీ నూనెందుకండీ?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

గింజలు మాత్రమే తినే పక్షికి కొరత కొవ్వుది కాదు, విటమిన్ ఎ, కాల్షియంలది. ఈకలూ చర్మమూ పాడయ్యేది ఎక్కువగా అందుకే. కొబ్బరినూనెలో ఆ రెండూ లేవు, ఉన్నదంతా కొవ్వే. పైగా పంజరంలో ఎగరడానికి చోటు లేక కాలేయానికి కొవ్వు పట్టే జబ్బు పెంపుడు చిలుకల్లో మామూలే. ముక్కు మరీ పొడుగ్గా పెరుగుతుంటే ముందు దాన్నే అనుమానించాలి.

మోతాదు కూడా ఆలోచించండి. కాక్‌టీల్ బరువు 90 గ్రాములకు అటూ ఇటూ. చెంచాడు నూనె దాదాపు నాలుగున్నర గ్రాములు. అంటే 60 కిలోల మనిషి మూడు కిలోల నూనె తాగినట్టు.

మా పిట్టకు పనిచేసింది క్యారట్ తురుము, ఆకుకూర, నెమ్మదిగా అలవాటు చేసిన పెల్లెట్లు (పక్షుల కోసం తయారుచేసే గుళికల మేత). చెప్పినంత తేలిక కాదు. మూడు వారాలు క్యారట్ వైపు కన్నెత్తి చూడలేదు. ఒకరోజు దాని ఎదురుగా నేను కరకరా నములుతుంటే వచ్చి నా చేతిలోది లాక్కుంది, అంతే! రోజు విడిచి రోజు గోరువెచ్చని నీళ్లు చిలకరించేవాణ్ణి. తర్వాత ఈకలు రాలి కొత్తవి వచ్చినప్పుడుగానీ అసలు తేడా కనిపించలేదు. పాత ఈక ఏం పెట్టినా బాగుపడదు.

అయినా పెట్టి చూడాలనిపిస్తే, వారానికోసారి అగ్గిపుల్ల తలంత, క్యారట్ తురుములో కలిపి పెట్టండి. ముక్కిపోయిన వాసన వచ్చే నూనె అసలొద్దు. ఈకలకు పైన రాయడం అంతకన్నా వద్దు. లావుగా ఉన్న పక్షికి ఆ అగ్గిపుల్ల తలంత కూడా నేనైతే పెట్టను.

మీది ఎన్ని గ్రాములుంది? వంటింటి కాటా మీద గిన్నె పెట్టి తూయవచ్చు. ఆ బరువూ, రోజూ ఏం తింటుందో కూడా రాయండి.