సూజౌలో మా శనివారాలు, గుప్పెడు తోటకూర

"మావారికి చైనాలో ఉద్యోగం వచ్చింది. ఇద్దరు పిల్లలతో వెళ్ళాలి, భాష రాదు. శని, ఆదివారాలు గోడలు చూస్తూ కూర్చోవడమేనా?" అని మీరు రాసి అడిగారు.

అక్కర్లేదండీ. మేం సూజౌ వచ్చి మూడేళ్ళు దాటింది. షాంఘై పక్కనే, స్పీడు రైల్లో అరగంట. మావారు ఇక్కడి ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో చేస్తారు. కొత్తలో శనివారం అంటే నాలుగు ఇండియన్ కుటుంబాలు ఒకరింట్లో చేరి బిర్యానీ వండుకోవడం, ఆదివారం అంటే జిన్‌జీ సరస్సు గట్టున నడక. అది తప్పని అనను. కానీ ఏడాదంతా అలాగే గడిపితే ఉన్న ఊరు మనకు పరాయిగానే మిగిలిపోతుంది. అందుకే చెబుతున్నాను, వెళ్ళిన మొదటి శనివారమే పిల్లల్ని వెంటబెట్టుకుని కూరగాయల మార్కెట్‌కి వెళ్ళండి. యాప్‌లో నొక్కితే అరగంటలో అన్నీ గుమ్మంలోకి వస్తాయి, నిజమే. అయినా వెళ్ళండి.

మేం వచ్చిన పది నెలలకు, జూన్‌లో ఒక శనివారం. తొట్లలో చేపలు ఎగిరి నీళ్ళు చిమ్ముతున్నాయి, మా అమ్మాయి అక్కణ్ణుంచి కదలనంటోంది. నేను ఆకుకూరల పెద్దావిడ దగ్గర కొత్తిమీర అడిగాను. దాన్ని ఇక్కడ శ్యాంగ్ త్సయ్ అంటారు. నేనన్నది ఆవిడకు శ్యెన్ త్సయ్ అని వినిపించింది. వేరే ఆకుకూర ఇంత తీసి తూకంలో వేసింది. ఆకు నడుమ ఎరుపు, అంచు పచ్చన. కాడ గిల్లితే వేలికి రంగు అంటింది. తోటకూరండీ! పది నెలలుగా ఇక్కడ దొరకదనే అనుకుంటున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ అన్నం గిన్నె పట్టుకున్నట్టు చేతులు పెట్టి ఏదో చెబుతోంది. నాకు అర్థం కాలేదు. అమ్మాయికి స్కూల్లో చైనీస్ నేర్పుతారు, అదే చెప్పింది: "అమ్మా, ఇది కలిపితే అన్నం గులాబీరంగు అవుతుందట. వాళ్ళ మనవడు ఆ రంగు కోసమే తింటాడట." తెనాలిలో మా అమ్మమ్మ ఎర్ర తోటకూర కలిపి, "చూడు, అన్నం ఎంత ఎర్రగా అయిందో" అంటూనే నాకు ముద్దలు పెట్టేది. ఒక జిన్ తీసుకున్నాను. జిన్ అంటే మన అరకిలో. ధరలన్నీ ఆ లెక్కలోనే చెబుతారు, కిలో ధర అనుకోకండి. చివర్లో మన ఊళ్ళో కరివేపాకు రెబ్బ వేసినట్టు, డబ్బులు తీసుకోకుండా నాలుగు ఉల్లికాడలు సంచిలో పెట్టింది.

తర్వాతి శనివారం డబ్బాలో తోటకూర పప్పు పట్టుకెళ్ళాను. ఆవిడ మూత తీసి వాసన చూసింది, ఎండుమిరపకాయను పక్కకు జరిపి చెంచాడు నోట్లో పెట్టుకుంది. కాసేపు ఆగి, వెల్లుల్లి వేశావా అని అడిగింది. వెల్లుల్లి లేకుండా వాళ్ళు ఆ కూర వండరట. ఇంగువ వాసన చూపించడానికి పక్కన చేపలామెను పిలిచింది. ఆ రోజు నుంచి మా అమ్మాయి ఆవిణ్ణి నైనై అంటోంది, అంటే నానమ్మ. మార్కెట్‌కి రానని ఒక్క శనివారం కూడా పేచీ పెట్టలేదు.

శనివారాల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఇక్కడ పండగ సెలవులన్నీ ఊరికే ఇవ్వరు. 2024లో అక్టోబరు 1 నుంచి 7 వరకు సెలవు. దానికి బదులుగా సెప్టెంబరు 29 ఆదివారం, అక్టోబరు 12 శనివారం పనిదినాలు చేశారు. మా అమ్మాయి స్కూలు ఆ లెక్క పాటించదు. పిల్ల ఇంట్లో, తండ్రి డ్యూటీలో! ఇది చాలా అన్యాయం. వారానికి ఒక్కసారి కుటుంబమంతా కలిసి కూర్చునే రోజును ఇలా అటూ ఇటూ మార్చకూడదు.

ఇంకో బాధ ఫోను. వాట్సాప్ ఇక్కడ మామూలుగా తెరుచుకోదు. ఇక్కడ అందరూ వాడే వీచాట్‌ను 2020లో మన దేశంలో నిషేధించారు. అమ్మమ్మతో మనవరాలు మాట్లాడాలంటే ఎంత తంటానో! మేం ఇండియా సిమ్‌ను రోమింగులో పెట్టి, దాంతో వాట్సాప్ తెరిచి ఆదివారం పదింటికి చేస్తాం, అప్పటికి తెనాలిలో ఏడున్నర. మీరు బయల్దేరే ముందే పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఈ ఏర్పాటు చూసుకోండి. ఇక బంధువులు ఫోన్లో "పాములు తింటున్నారా" అని అడుగుతారు. మా అమ్మా అడిగింది. వీడియోలో తోటకూర, బూడిదగుమ్మడి, కాకరకాయలు, పొడుగు వంకాయలు వరసగా పెట్టి చూపించాను. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

ఏ ఊరు వెళ్తున్నారో మీరు రాయలేదు. ఎక్కడికైనా సరే, కొత్తిమీర పేరు, తోటకూర పేరు రెండూ చైనా లిపిలో ఫోన్లో పెట్టుకుని వెళ్ళండి. తోటకూర వేసవిలో బాగా వస్తుంది. కరివేపాకు మాత్రం ఇక్కడి మార్కెట్లో నాకు ఇప్పటికీ కనబడలేదు.