ఐరన్ మాత్రలు వేసుకుంటే ప్రమాదమా?

ప్రశ్న: గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలు రసాయనం కదా, హాని చేస్తాయా?

రక్తహీనత ఉన్నవాళ్లకు డాక్టర్ చెప్పిన మోతాదులో ఇవి మేలే చేస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. అందులో ఒంటికి పట్టేది కొంతే, మిగతాది పేగుల్లోకి పోతుంది. వికారం, కడుపునొప్పి, మలబద్ధకం అందుకే. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడక్కర్లేదు. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం డాక్టర్‌కి చూపించాలి. వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోండి, టీ, పాలతో మాత్రం వద్దు.

అసలు భయం పసిపిల్లలతోనే. మెరిసే ఎర్ర మాత్రలు వాళ్ల కంటికి జెమ్స్ బిళ్లల్లా ఉంటాయి. కిలో బరువుకు 20 మి.గ్రా. దాటితే విషలక్షణాలు మొదలవుతాయి, 60 దాటితే ప్రాణం మీదికొస్తుంది. అంటే పది కిలోల బిడ్డకు నాలుగు మాత్రలే ఎక్కువ, పది మింగితే ప్రాణాపాయం. వాంతులయ్యాక కొన్ని గంటలు బిడ్డ తేరుకున్నట్టే కనిపిస్తుంది. దయచేసి ఆ తేరుకోవడాన్ని నమ్మకండి, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. మాత్రల డబ్బా బీరువా పైనే ఉంచండి.

ఇంకొకటి, ఒంట్లో చేరిన అదనపు ఐరన్‌ను బయటికి పంపే దారి శరీరానికి లేదు. కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) ఉన్నవాళ్లకు రక్తం తక్కువగా ఉన్నా ఐరన్ ఎక్కువగానే ఉండొచ్చు. అందుకే నీరసంగా ఉందని సొంతంగా కొనుక్కోకుండా, ముందు హిమోగ్లోబిన్‌తో పాటు ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే) పరీక్ష చేయించుకోండి.