ఉల్లిపొట్టు పారేయకు

అమ్మలూ,

సండే స్కూల్ పిల్లలతో ఈస్టర్ గుడ్లకు రంగులు వేయిస్తానన్నావు కదా, ఫోన్‌లో అన్నీ చెప్పడం కుదర్లేదు, అందుకే రాస్తున్నా. బజారు రంగులేం కొనకు, వంటింట్లో ఉన్నవి చాలు.

గుడ్లు మాత్రం తెల్లవే తీసుకో. ఆరోగ్యమని నాటుగుడ్లు తెచ్చావంటే ఆ గోధుమరంగు మీద నీలం, పసుపు రెండూ మాసినట్టుంటాయి, ఉల్లిపొట్టు ఒక్కటే నప్పుతుంది. ఉడికేటప్పుడు పగిలినవి అప్పుడే తినేయండి.

ఉల్లిపొట్టు ఈ రోజు నుంచే పోగెయ్యి. మీ వీధి చివర మెస్‌లో అడుగు, సంచి నిండా ఇస్తారు, వాళ్ళకది చెత్తే. పొట్టు మునిగేదాకా నీళ్ళు పోసి అరగంట మరిగించి వడకట్టు, ఇటుక రంగు దిగుతుంది. గ్రీసులో ఈస్టర్‌కి ముందొచ్చే పవిత్ర గురువారం నాడు క్రీస్తు రక్తానికి గుర్తుగా గుడ్లకు ఎర్రరంగు వేస్తారు, పాత పద్ధతిలో అదీ ఉల్లిపొట్టుతోనే. పిల్లలకు ఈ మాట చెప్పు. ఇంకోటి, తడిపిన గుడ్డు మీద కొత్తిమీర ఆకు అతికించి, పాత పల్చటి నైలాన్ సాక్స్ ముక్కతో బిగించి దారం కట్టి ముంచితే, విప్పాక ఆకు అచ్చు తెల్లగా పడుతుంది. చూసి తీరాలి!

అసలు సరదా ఊదారంగు క్యాబేజీతో. శివాజీనగర్ వెళ్తే రసెల్ మార్కెట్లో చూడు. సగం కాయ తరిగి లీటరు నీళ్ళలో అరగంట మరిగించి, వడకట్టి, చల్లారాక కప్పుకొక పెద్ద చెంచా వెనిగర్ కలుపు. నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి, పాడైందని టెన్షన్ పడకు, గుడ్డు నీలంగానే వస్తుంది. ఆ రంగు పులుపు తగిలితే ఎర్రబడుతుంది, సున్నం తగిలితే నీలమవుతుంది, గుడ్డు పెంకంతా సున్నమే కదా. కాకపోతే రాత్రంతా ఫ్రిజ్‌లో నానాలి, పిల్లలు అంతసేపు ఆగరు, కాబట్టి అవి ముందురోజు రాత్రే నువ్వు ముంచి పెట్టేసి, వాళ్ళ చేతికి ఉల్లి, పసుపు ఇవ్వు. బాగా పడుతుందని వెనిగర్ ఎక్కువ పోస్తే పెంకు బుసబుస పొంగి రంగు ఊడిపోతుంది. గిన్నెలు స్టీలువే వాడు, అల్యూమినియం వద్దు.

పసుపుకి చెప్పేదేముంది, మరిగించి వెనిగర్ కలిపి అరగంట ఉంచితే చాలు, పిల్లలకి పాత బట్టలు వేసి పంపమని తల్లులకి ముందే చెప్పు. పసుపు పట్టిన గుడ్డుని మళ్ళీ క్యాబేజీ నీళ్ళలో వేస్తే ఆకుపచ్చ. బీట్‌రూట్ గురించి అందరూ గొప్పగా చెబుతారు, నేను మాత్రం ఒప్పుకోను, గిన్నెలో అంత ఎర్రగా ఊరించి గుడ్డు ఆరేసరికి వెలవెలబోతుంది. దాన్ని కూర చేసుకో.

తీసినవాటిని తుడవకుండా ట్రేలో ఆరనిచ్చి, చుక్క నూనె రాస్తే మెరుస్తాయి. తినేవి ఫ్రిజ్ బయట రెండు గంటలకి మించి ఉంచకు, ఎండ ముదిరితే గంటే, వారంలోపు అయిపోవాలి. దాచి వెతికించే ఆటకి వేరే గుడ్లు పెట్టు, మట్టిలో దొర్లినవి ఎవరూ తినొద్దు.

ఎంతమంది పిల్లలో చెప్పు. నా దగ్గర ఉల్లిపొట్టు చాలానే ఉంది, మీ పెదనాన్న అటు వచ్చినప్పుడు ఇచ్చి పంపుతా.

పెద్దమ్మ