నొప్పి బిళ్ల మింగేముందు స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూడు

ప్రశ్న: అక్కా, నాకు 31 ఏళ్లు. చిత్తూరులో బట్టల షాపులో పనిచేస్తా. మూడేళ్ల కిందట అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపల పుండ్లు అన్నారు. మెసాలమిన్ బిళ్లలతో రక్తం పడటం తగ్గింది గానీ, ఎడమపక్క మెలిపెట్టే నొప్పి మాత్రం నెలకు పది రోజులు ఉంటోంది. రోజంతా నిలబడే పని కదా, తట్టుకోలేక మెడికల్ షాపులో నొప్పి బిళ్ల తెచ్చి వేసుకుంటున్నా. తిరుపతిలో చూసే డాక్టరుగారు మళ్లీ కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోమంటున్నారు. పోయినసారి ముందుగా పేగు శుభ్రం కావడానికిచ్చే ఆ పౌడరు నీళ్లు తాగలేక వాంతి చేసుకున్నా. "ఏడాదిన్నర కిందటే చేశారు, మళ్లీ దేనికి డబ్బులు?" అంటోంది మా అత్త. తప్పించుకునే దారి ఉందా?

జవాబు: చెల్లీ, కొలనోస్కోపీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ బిళ్ల సంగతి. ఇప్పుడే లేచి ఆ స్ట్రిప్పు తీసి వెనక్కి తిప్పు. సన్నక్షరాల్లో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, నాప్రాక్సెన్ అని ఏ పేరున్నా దాన్ని పక్కన పెట్టి, డాక్టరుగారికి చూపించేదాకా ఇంకోటి మింగకు. పేగు లోపలి పొరను కాపాడే పదార్థాలను కూడా ఇవి తగ్గించేస్తాయి, మన జబ్బున్న కొందరిలో అణిగిన పుండ్లను మళ్లీ రేపుతాయి. ఒకే బిళ్లలో పారాసిటమాల్, ఎసెక్లోఫెనాక్ కలిపి అమ్మడం మన దగ్గర చాలా మామూలు, కాబట్టి షాపులో "పారాసిటమాలేనమ్మా" అన్నా నువ్వే చదువుకో.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నాకూ ఇదే జబ్బు. కాస్త నెమ్మదించిందన్న సంతోషంతో ఓసారి మొక్కు తీర్చుకుందామని అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కాను. దిగొచ్చాక మోకాళ్లు పట్టేస్తే ఓ షాపులో ఇచ్చిన బిళ్ల నాలుగు రోజులు వేసుకున్నా, వారం తిరక్కముందే మళ్లీ రక్తం. ఆ బిళ్లకూ దీనికీ సంబంధం ఉంటుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు, అందుకే నీకింత గట్టిగా చెబుతున్నా.

మరి నొప్పికి ఏం వేసుకోవాలంటే, లివర్ సమస్య లేకపోతే వట్టి పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములది, రోజు మొత్తం మీద ఆరుకు మించకుండా. రోజూ అదే పనిగా మాత్రం వద్దు. వేడినీళ్ల సంచి కడుపు మీద పెట్టుకుంటే మెలిపెట్టే నొప్పికి బాగానే పనిచేస్తుంది. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులు పేగు కదలికను బాగా తగ్గించేస్తాయి, జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు అది ప్రమాదం, డాక్టరుగారు రాయకుండా వాటి జోలికి పోవద్దు.

ఇంకో మాట. నొప్పి ఉందంటే పేగులో వాపు ఉన్నట్టే అనుకోకు. పుండ్లు మానినా పేగు నరాలు అతిగా స్పందించి నొప్పి రావడం ఈ జబ్బులో చాలామందికి ఉండేదే. అప్పుడు వాపు మందు ఎంత పెంచినా నొప్పి తగ్గదు. నిజంగానే వాపు ఉండి నొప్పి బిళ్లలతో నెట్టుకొస్తే లోపల జబ్బు పెరిగిపోతుంది. ఈ రెంటిలో నీది ఏదో తేల్చడానికే టెస్టులు.

అందుకని డాక్టరుగారిని అడుగు: "ముందు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయిద్దామా సార్?" అని. పేగులో వాపు ఉంటే మలంలో పెరిగే ప్రొటీన్ అది. చిన్న డబ్బాలో కాస్త మలం ఇస్తే చాలు, తిండి మానక్కర్లేదు. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు వస్తే వాపు ఉండే అవకాశం తక్కువ, 250 దాటితే జబ్బు రేగిందనే ఎక్కువగా అనుకుంటారు, మధ్యలో వస్తే కొన్నాళ్లకు మళ్లీ చేస్తారు. నువ్వు వాడుతున్న ఆ బిళ్లలు ఈ అంకెను కూడా పెంచగలవు, వేసుకున్న సంగతి దాచకు. కొన్నిసార్లు చివరి భాగం మాత్రమే చూసే సిగ్మాయిడోస్కోపీ సరిపోతుంది, దానికి ఎనిమా (మలద్వారం నుంచి మందు ఎక్కించి పేగు ఖాళీ చేయడం) ఇస్తారు, ఆ పౌడరు నీళ్ల బాధ సాధారణంగా ఉండదు. అదీ అడుగు. మందు మార్చాలన్నా, పుండ్లు నిజంగా మానాయో లేదో చూడాలన్నా పూర్తి కొలనోస్కోపీయే కావాలంటే మాత్రం వాయిదా వేయకు. మీ అత్తగారికి ఈ మాటే చెప్పు, లేదంటే ఈసారి ఆమెనే వెంట తీసుకెళ్లు, డాక్టరు నోట వింటే నమ్ముతారు.

ఇక ఆ పౌడరు నీళ్లు. డాక్టరుగారు ఒప్పుకుంటే సగం ముందురోజు సాయంత్రం, సగం తెల్లవారుజామున తాగు. ఫ్రిజ్‌లో చల్లబెట్టి, ఒక్కో గ్లాసూ పది పదిహేను నిమిషాల ఎడంతో, స్ట్రా నాలుక వెనక్కి పెట్టుకుని లాగు, మధ్యలో నిమ్మచెక్క చప్పరించు. వికారం వస్తే అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టు. రెండు మూడు రోజుల ముందు నుంచీ సంగటి, ఆకుకూర, టమాటా గింజలు వద్దు, తెల్లన్నం మజ్జిగ చాలు. ఐరన్ బిళ్లలు వాడుతుంటే వారం ముందే ఆపాలేమో అడుగు. తెల్లవారుజామున సగం తాగి చిత్తూరు నుంచి బస్సులో రావడం నరకం, ముందురోజే తిరుపతి చేరి బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో ఉండు, శని ఆదివారాల రద్దీలో మాత్రం పెట్టుకోకు. మత్తు ఇస్తారు కాబట్టి తోడు మనిషి ఉండాల్సిందే.

అప్పటిదాకా పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే ఆ రోజు గడిలో రెండు అంకెలు వెయ్యి, మోషన్స్ ఎన్ని, నొప్పి పదికి ఎంత అని. రక్తం కనిపిస్తే పక్కన ఓ చుక్క. ఆ కాగితం చింపి పట్టుకెళ్లు. రోజుకు ఆరుసార్లు గానీ అంతకు మించి గానీ రక్తంతో విరేచనాలై జ్వరం గానీ గుండెదడ గానీ ఉన్నా, కడుపు ఉబ్బి గట్టిపడినా, అపాయింట్‌మెంట్ కోసం చూడకు, ఆ రాత్రే క్యాజువాలిటీకి వెళ్లిపో.

ప్రశ్న: మా అబ్బాయికి క్రోన్స్ జబ్బు, అంటే పేగుల్లో వాపు, పుండ్లు వచ్చేది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టాలని, ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ రక్తపరీక్ష తెమ్మన్నారు. దగ్గు కూడా లేని పిల్లాడికి ఇవి దేనికి? – ఒక తండ్రి, తిరుపతి

జవాబు: అన్నా, అవి తప్పకుండా చేయించండి. మన దేశంలో చాలామంది ఒంట్లో టీబీ క్రిమి ఏ లక్షణమూ లేకుండా నిద్రపోతూ ఉంటుంది. దాన్ని కట్టడి చేసే రక్షణనే ఈ ఇంజెక్షన్ తగ్గిస్తుంది, అందుకే అది నిద్ర లేచే ప్రమాదం ఉంది. పైగా పేగు టీబీ, క్రోన్స్ చూడటానికి ఒకేలా ఉంటాయి, బయాప్సీ (పేగు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చూసినా కొన్నిసార్లు తేల్చడం కష్టం. నిద్రపోతున్న టీబీ బయటపడితే ఇంజెక్షన్ మానేయమనరు, ముందు టీబీ రాకుండా మందులు మొదలుపెట్టి, సాధారణంగా ఓ నెల అయ్యాక ఇస్తారు. హెపటైటిస్ బి పరీక్ష కూడా రాశారో లేదో చూడండి, రాయకపోతే మీరే గుర్తుచేయండి.