విశాఖ ఉక్కపోత, ఏసీ గ్యాసు, తడి చెత్త: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లతో పోలిస్తే విశాఖ నయమే కదా, మరి రాత్రిళ్లు కూడా ఇంత ఉక్క ఎందుకు? భూతాపానికీ దీనికీ సంబంధం ఉందా?
– పాఠకుడు, సీతమ్మధార

ఉంది. బొగ్గు, పెట్రోలు విపరీతంగా కాల్చడం మొదలవకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. భూమి వదిలే వేడిని అది పైకి పోనివ్వదు. అలా చిక్కుకున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రాల్లోకే చేరింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే పట్టగలిగే ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. వెచ్చబడ్డ బంగాళాఖాతం ఆ ఆవిరిని ధారాళంగా అందిస్తుంది. ఒళ్లు చల్లబడాలంటే చెమట ఆరాలి. దండెం మీది బట్టలే సాయంత్రానికి ఆరని రోజున చెమట ఎలా ఆరుతుంది? దీనికి తోడు పగలంతా కాగిన శ్లాబు రాత్రంతా వేడి కక్కుతుంది. ఇది మాత్రం మన కట్టడాల పాపం. శ్లాబుకు తెల్లటి కూల్ పెయింట్ వేయిస్తే పై అంతస్తువాళ్లకు తేడా తెలుస్తుంది.

ప్రశ్న: ఏసీలో గ్యాసు అయిపోయిందంటూ ఏటా నింపించుకుంటున్నాం. బీచ్‌కు దగ్గర్లోనే ఉంటాం. ఇది మామూలేనా?
– పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

మామూలు కాదు. ఏసీ గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే కారుతోందన్నమాటే. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 ఒక కిలో గాలిలో కలిస్తే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మన గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు దాదాపు 0.7 కిలో వెలువడుతుందనుకుంటే, అది సుమారు 950 యూనిట్లు కాల్చినట్టు. రోజుకు 8 యూనిట్లు తీసుకునే ఏసీని నాలుగు నెలలు నడిపినంత! 24 డిగ్రీల మీద పెట్టి, పెంచిన ఒక్కో డిగ్రీకి 6 శాతం చొప్పున కరెంటు ఆదా చేసుకున్నా, ఈ కారడం ఆపకపోతే ఫలితం లేదు.

సముద్రపు ఉప్పు అవుట్‌డోర్ యూనిట్ కాయిల్ మీద పేరుకుంటుంది. రాగి గొట్టం, అల్యూమినియం రేకులు ఆనుకున్నచోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తెల్లపొడిలా రాలిపోతుంది. గొట్టానికీ క్రమంగా సూదిమొన రంధ్రాలు పడతాయి. కాయిల్ అడుగున, గొట్టాలను బిగించే ఫ్లేర్ నట్ల దగ్గర నూనె మరక కనబడితే లీకు అక్కడే.

మెకానిక్ వచ్చినప్పుడు పట్టుబట్టాల్సినవి ఇవి. మొదట నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, సబ్బు నురగతో లీకు వెతకాలి. ఆక్సిజన్ వాడనివ్వకండి, పేలుతుంది. గొట్టం అతికించాల్సి వస్తే మిగిలిన గ్యాసును సిలిండర్‌లోకి లాగాకే మంట వెలిగించాలి; ఆర్-32కు అంటుకునే గుణం ఉంది. తర్వాత గొట్టాల్లోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు కనీసం అరగంట నడపాలి. ఆపాక ప్రెషర్ గేజ్ ముల్లు కదలకుండా నిలవాలి. పైకి లేస్తే లోపల తేమో లీకో మిగిలిందన్నమాట. చివరికి యూనిట్ మీద రాసిన బరువు ప్రకారం కాటా పెట్టి నింపాలి. చేతి అంచనాతో ఎక్కువ నింపినా కరెంటు దండగే.

నెలకోసారి మెయిన్ ఆపి, అవుట్‌డోర్ కాయిల్‌ను మంచినీటితో మెల్లగా కడగండి. ప్రెషర్ వాష్ వద్దు, రేకులు వంగిపోతాయి.

ప్రశ్న: ఫ్లాట్‌లో తడి చెత్తతో కంపోస్టు చేస్తే వాసన, పురుగులు. మానేయమంటారా?
– పాఠకురాలు, మధురవాడ

మానొద్దు. కుప్పలో గాలి ఆడకుండా కుళ్లిన చెత్త మీథేన్ వదులుతుంది. వందేళ్ల లెక్కన అది బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా 27 రెట్లకు పైగా వేడి పెంచుతుంది. వాసన వచ్చేది తడి ఎక్కువైనప్పుడే. ఈ ఊరి గాలికి గుప్పెడు కాయగూర తొక్కలకు రెండు గుప్పెళ్ల కొబ్బరిపొట్టో ఎండాకులో కలపాలి. 20 లీటర్ల బకెట్‌కు అడుగునా పక్కలా రంధ్రాలు పెట్టి, నాలుగు రోజులకోసారి తిరగేయండి. చేప ముళ్లు, పెరుగన్నం వేయొద్దు. పిడికిట పిండితే నీరు కారకూడదు, చెయ్యి చెమ్మగిల్లాలి, అంతే. బకెట్ నిండాక రెండు నెలలకు మట్టివాసన వస్తుంది.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకు, మొక్కలు నాటితే చాలదా?
– పాఠకుడు, గాజువాక

చాలదు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఈరోజే గాలిలో కలుస్తుంది, మొక్క ఎదగడానికి ఏళ్లు పడుతుంది. నాటండి, కానీ వాడకం తగ్గించడానికి బదులుగా కాదు. ఉప్పుగాలికి వేప, కానుగ తట్టుకుంటాయి. తొలకరి పడ్డాక రెండడుగుల గొయ్యిలో పెట్టి, మొదటి రెండు వేసవులూ నీళ్లు పోయండి.